తరుగు పోను పదమూడు

ఈ వ్యవహారంలోకి దిగేనాటికి నా చేతిలో ఉన్నవి చెప్తాను: బూట్ల అడుగున వేసే రబ్బరు సోళ్ళు అమ్మే ఒక షాపు, ఆ షాపు వెనక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో నా బావమరిది కలిపిన ఒక కొత్త రకం రబ్బరు, దాని మీద అతనికి కొండంత నమ్మకం, నాకు అందులో సగం. ఇవి కాక మూలన ఒక పాత కంప్యూటరు. దాన్ని ఆస్తిలో వేయాలో అప్పులో వేయాలో అప్పటికి తెలియదు.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఇంట్లో అందరూ రబ్బరు అనే పిలుస్తారు, నేనూ అంతే. చాలా ఏళ్ళు ఒక పెద్ద ఫ్యాక్టరీలో రబ్బరు కలిపాడు. అక్కడి సూపర్‌వైజరు నోటికి వేగలేక ఒకరోజు బయటికి వచ్చేశాడు. వచ్చి నా షెడ్డులో కలిపే మిషనొకటి, అచ్చు కొట్టే ప్రెస్సొకటి పెట్టుకుని తన ఇష్టం వచ్చినట్టు చేసుకుంటున్నాడు. చేసేది అతను, అమ్మేది నేను. చిల్లర అమ్మకాలతో ఆ రెండు మిషన్లూ తిరగవు. ఒక పెద్ద ఆర్డరు పడాలి.

పనివాళ్ళకు బూట్లు కుట్టించి ఇచ్చే ఒక కంపెనీ ఉంది. వాళ్ళు వాడుతున్న సోలు కంటే మాది తక్కువ అరుగుతుందని రుజువు చేస్తే ఏడాది పొడుగునా మా దగ్గరే తీసుకుంటామన్నారు. అక్కడ సరుకు నాణ్యత చూసే ఆవిడను అందరూ క్వాలిటీ మేడమ్ అంటారు. గాజు తలుపు గదిలో, బల్ల మీద ఒక్క కాగితం కూడా లేకుండా కూర్చుంటుంది. బల్ల మీద ఏమీ పెట్టుకోని మనిషితో బేరం కష్టం. మన చూపు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు.

"మేడమ్, సోళ్ళ వ్యాపారంలోనే నా తల నెరిసింది. గోటితో గీరి చెప్పేస్తాను ఏది ఎన్నాళ్ళు వస్తుందో" అన్నాను.

"మంచిదండి. కానీ మా రిపోర్టులో మీ గోటికి గడి లేదు" అంది.

ఆవిడ పెట్టిన షరతు ఇది. ఇరవై మందికి బూట్లు ఇవ్వాలి. ప్రతి మనిషికీ ఒక కాలికి వాళ్ళ సోలు, రెండో కాలికి మా సోలు. సగం మందికి మాది ఎడమ కాలికి, సగం మందికి కుడి కాలికి. ఒక సీజను నడిచాక ఏ కాలిది ఎంత అరిగిందో కొలిచి, ఆవిడ ఇచ్చిన ఫైలులో నింపాలి. అన్నీ సరిగ్గా నింపితే చివరి గడి దానంతట అదే రంగు మారుతుందట. పచ్చగా అయితే ఆర్డరు, ఎర్రగా అయితే నమస్కారం.

"ఒకే మనిషికి రెండు రకాలెందుకు మేడమ్? పది మందికి అదీ, పది మందికి ఇదీ ఇస్తే పోలా?"

"బాగా బరువున్న వాళ్ళందరికీ మీ సోలు పడి, బక్కవాళ్ళకి మాది పడితే మీరే కదండీ గోల పెట్టేది."

సరేనని లేచాను.

పక్క వీధిలో ఒక గోడౌను ఉంది. అక్కడ కాపలా కాసేవాళ్ళనీ, మూటలు మోసేవాళ్ళనీ బతిమాలి ఇరవై జతలు తొడిగించాను. రెండు కాళ్ళకీ రెండు రకాలని తెలిశాక వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకున్నారు. "నీ ఎడమ కాలు ముందే ఇంటికెళ్ళిపోతుందేమో, కాస్త పట్టుకుని నడువు" అని ఒకడు, "నీ కుడి కాలు ఎలాగూ పనిచేయదు, దానికి ఏది వేసినా ఒకటే" అని ఇంకొకడు. ఊరికే వచ్చిన బూట్లు కాబట్టి వేసుకున్నారు. సీజను అయ్యేసరికి ఇద్దరు లెక్కలోంచి పోయారు. ఒకతను పని మానేసి బూట్లతో సహా వెళ్ళిపోయాడు. ఇంకొకతను తడిసిన బూట్లను పొయ్యి పక్కన ఆరబెట్టి సోళ్ళు కరిగించుకున్నాడు. పద్దెనిమిది జతలు తిరిగి వచ్చాయి.

అవి వచ్చిన వారంలోనే పాత ఫ్యాక్టరీ నుంచి రబ్బరుకి కబురొచ్చింది. తిరిగి వస్తావా, నెలాఖరులోపు చెప్పు, ఆ తర్వాత నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం అని. నెలాఖరులోపు ఆ గడి పచ్చబడితే షెడ్డు నిలబడుతుంది. లేకపోతే అతను మళ్ళీ ఆ సూపర్‌వైజరు ముందు చేతులు కట్టుకు నిలబడాలి. నాకు పోయేది వెనక జాగాకి కట్టే అద్దె. అతనికి పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

షాపులో కూర్చుని నేను ఒక్కో బూటూ కొలిచి అంకె చెప్పాను, రబ్బరు కంప్యూటరులో కొట్టాడు. ఒక నిలువు వరసలో వాళ్ళ సోలు అరుగుదల, పక్క వరసలో మాది. ఒక్కో అడ్డ వరస ఒక్కో మనిషి. కొలవడం అయ్యాక కింద గళ్ళు చూస్తే, ఒకదాని పక్కన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని ఉంది.

"ఇదేంట్రా?"

"ఏమో బావా. డిగ్రీ ఏం చదివారని అడుగుతున్నట్టుంది."

అప్పుడే మా ఆవిడ టీ తెచ్చింది. తెర వైపు చూసి, "మీకు డిగ్రీ లేదు, వాడికి ఫ్రీడమ్ లేదు. రెండూ లేవని రాసేయండి" అంది.

ఆ గడిలో ఏం వేయాలో మేం వేయక్కర్లేదు. మేడమ్ అక్కడ ముందే సూత్రం పెట్టింది, అంకెలు ఎన్ని ఉన్నాయో అది లెక్కపెట్టుకుని చెప్తుంది. చెప్పింది కూడా. మైనస్ ఒకటి.

నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మైనస్ ఒకటే. పద్దెనిమిది మంది ఒక సీజను కాళ్ళరిగేలా తిరిగితే, మాకు స్వేచ్ఛ లేకపోవడమే కాదు, ఎవరికో ఒకటి బాకీ కూడా ఉన్నామన్నమాట. రబ్బరు కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. మైనస్ ఒకటి. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా అక్క కూతురు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తుంది. దానికి ఫోను చేశాను.

"ఫైలు పంపు మామయ్యా, చూసి చెప్తాను."

"పంపొద్దు బావా" అని రబ్బరు పక్కనుంచి చెయ్యి ఊపాడు. "మన సరుకు లెక్కలు బయటికి పోతే రేపు పదిమంది కలుపుతారు."

అరుగుదల అంకెలు చూసి రబ్బరు ఎలా కలపాలో ఎవడు కనిపెడతాడో నాకు అర్థం కాలేదు. కానీ బావమరిదితో వాదిస్తే సాయంత్రం ఇంట్లో అతని అక్కతో వాదించాలి. అందుకని ఫోనులోనే అడగడం మొదలుపెట్టాను.

"అంకెలు ఎలా కొట్టారు మామయ్యా? ఒట్టి అంకెలేనా, పక్కన ఇంకేమన్నా కొట్టారా?"

చూస్తే రబ్బరు ప్రతి అంకె పక్కనా మిల్లీమీటర్లని కూడా కొట్టాడు. అక్షరం తగిలితే అది అంకె కాదట, మాట అవుతుందట. కంప్యూటరు లెక్కన మా దగ్గర ఉన్న అంకెలు సున్నా. అందులోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి.

"కొలత పక్కన కొలత పేరు రాయకపోతే అది కొలతెలా అవుతుంది?" అని రబ్బరు ముఖం మాడ్చుకున్నాడు. గడి గడికీ నేనే కూర్చుని అవన్నీ తుడిచాను. తుడిచి చూస్తే గడిలో పద్దెనిమిది.

"పద్దెనిమిది వచ్చిందమ్మా" అని మళ్ళీ ఫోను చేశాను, గెలిచినంత సంబరంగా.

"పద్దెనిమిది మందైతే పదిహేడు రావాలే."

"ఒకటి ఎందుకు తగ్గాలి?"

"సగటు తీస్తారు కదా మామయ్యా. సగటు తేలిపోయాక పదిహేడు మంది అంకెలు చెప్తే పద్దెనిమిదో అంకె దానంతట అదే తెలిసిపోతుంది. అది ఇంక కొత్తగా చెప్పేదేం లేదు. అందుకని ఒకటి తీసేస్తారు."

"అంటే తరుగన్నమాట."

"తరుగేంటి?"

"బస్తా తూచేటప్పుడు గోనె బరువని ఇంత తీసేస్తారు చూడు, అది."

"సగటు ఒకటి తీస్తే తరుగు ఒకటి, రెండు తీస్తే రెండు. అలా గుర్తుపెట్టుకో, తప్పేం లేదు" అంది. ఆ రోజంతటికీ అదొక్కటే నాకు సాఫీగా లోపలికి దిగిన మాట.

అయినా పద్దెనిమిది పదిహేడు కావడం లేదు. నేనూ రబ్బరూ ఆ గడిని గుడ్లప్పగించి చూస్తున్నాం. గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆవిడ వరసలు వేలితో లెక్కపెట్టి, "పంతొమ్మిదో మనిషి ఎవరండీ?" అంది. చూస్తే చివరి మనిషి కింద రబ్బరు ముచ్చటపడి మొత్తం అని ఒక వరస వేశాడు. కంప్యూటరు ఆ మొత్తాన్ని కూడా ఒక మనిషి అనుకుంది. పాపం ఆ మొత్తం గారు అందరికంటే ఎక్కువ నడిచాడు.

ఆ వరస తీసేశాక పదిహేడు వచ్చింది. అయినా నా వ్యాపార బుద్ధి ఊరుకోదు కదా. కొలిచింది ముప్పై ఆరు బూట్లు. చేతికొచ్చింది పదిహేడు. ఇదెక్కడి తరుగు? సగానికి సగం పైన పోతే ఏ అంగట్లో ఒప్పుకుంటారు? మేనకోడలితో బేరమాడాను.

"రెండు వరసలకీ విడివిడిగా సగటు తీసి, రెండు తరుగులు తీసేయ్. ముప్పై నాలుగన్నా వస్తాయి."

"రెండు కాళ్ళూ ఒకే మనిషివేనా?"

"మరి ఎవరివే?"

"అయితే జత జతకీ తేడా తీసి చూడాలి. తేడాలు పద్దెనిమిదే కదా. ముప్పై నాలుగు వస్తే ఎక్కువని సంబరపడకు మామయ్యా. జతగా చూడటమే నీకు లాభం."

తక్కువ ఇచ్చి లాభమని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. నమ్మబుద్ధి కాలేదు. ఈలోగా షాపులోకి ఒక బేరం వచ్చింది. చివరి గడి రంగు చూడకుండానే లేచి వెళ్ళాను.

నేను వెళ్ళి వచ్చేలోగా రబ్బరు ఫైలును చూడముచ్చటగా చేశాడు. షెడ్డులో అతని పద్ధతి అలాగే ఉంటుంది. సోళ్ళన్నీ చిన్న సైజు నుంచి పెద్ద సైజుకి వరసగా పేర్చాల్సిందే, ఒక్కటి అటూఇటూ అయితే నిద్రపట్టదు. అంకెలు చిందరవందరగా ఉన్నాయని మొదటి వరసను చిన్న నుంచి పెద్దకి సర్దాడు. పక్క వరసను కూడా కదపమంటారా అని కంప్యూటరు అడిగిందట. వద్దని నొక్కి, దాన్ని మళ్ళీ విడిగా సర్దాడు. భద్రం చేసి, మూసేశాడు కూడా.

నేను వచ్చి తెరిస్తే చివరి గడి పచ్చగా మెరిసిపోతోంది. అలా ఇలా కాదు, ఏ సందేహానికీ చోటు లేనంత గట్టిగా వచ్చింది తేడా. రబ్బరు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వేయడు. ఆ సాయంత్రమే కంపెనీకి పంపేశాం. ఫ్యాక్టరీకి రానని చెప్పేస్తానన్నాడు. ఇంకో రెండు రోజులు ఆగమన్నాను. ఎందుకన్నానో తెలియదు, చేతికి రాకముందు సంచి విప్పకపోవడం అలవాటు.

రెండో రోజు పొద్దున్నే మేడమ్ నుంచి ఫోను.

"మీ గోడౌనులో మనుషులు భలేగా నడుస్తారండీ."

"అంటే మేడమ్?"

"మొదటి మనిషికి రెండు సోళ్ళూ అందరికంటే తక్కువ అరిగాయి. రెండో మనిషికి దాని పై మెట్టు. మూడో మనిషికి ఇంకో మెట్టు. పద్దెనిమిదో మనిషి వరకూ మెట్లెక్కినట్టే ఉంది. ఇలా ఎవరూ నడవరు. వరసలు విడివిడిగా సర్దేశారా?"

రబ్బరు వైపు చూశాను. అతను గర్వంగా తల ఊపాడు, మెచ్చుకుంటున్నారనుకుని.

"సర్దితే తప్పేంటి మేడమ్? అంకెలు అవే కదా. ఒక్కటి కూడా మార్చలేదు."

"అంకెలు అవేనండి. జతలు పోయాయి. ఒకరి ఎడమ కాలు ఇంకొకరి కుడి కాలితో కూర్చుంది. అలా సర్దితే పిసరంత తేడా ఉన్నా పచ్చరంగే వస్తుంది."

వ్యాపారంలో ఇంతకాలం ఉండి అంత మెత్తగా చీవాట్లు ఎప్పుడూ తినలేదు. "పోనీ జతలు వదిలేసి విడివిడిగానే చూడండి, ముప్పై నాలుగు వస్తాయటగా" అన్నాను. ఆవిడ ఫోనులో ఉండగానే చూసింది. ఎర్ర గడి. మూటలు మోసే బరువైన మనుషులకు రెండు కాళ్ళూ బాగా అరిగాయి, కుర్చీలో కూర్చునే కాపలావాళ్ళకు రెండూ కొంచెమే అరిగాయి. ఆ పెద్ద తేడాల మధ్య మా సోలు తెచ్చిన చిన్న తేడా కొట్టుకుపోయింది. మేనకోడలు చెప్పిన లాభం ఏంటో అప్పుడు తెలిసింది, చేతిలోంచి జారాక.

"బూట్లు ఉన్నాయి కదా, మళ్ళీ కొలిచి జతలుగా కొట్టండి" అంది మేడమ్.

ఉన్నాయి. షెడ్డులో రెండు గోనెల్లో ఉన్నాయి. ఒక గోనెలో వాళ్ళ సోళ్ళవి, ఒక గోనెలో మావి. రబ్బరు కొలిచిన వెంటనే రకాలు విడదీసి కట్టేశాడు.

"నీకు బుర్రుందా? బూట్లను ఎవడన్నా జతలు విడదీసి పెడతాడా?"

"బూట్లమ్మేవాడు పెట్టడు బావా. సోళ్ళు చేసేవాడికి రకమే కావాలి. ఎప్పుడన్నా నీకు జతలుగా ఇచ్చానా? రకాలుగానే కదా ఇచ్చేది. నువ్వు అలాగే కదా అమ్మేది."

నిజమే. మా ఇద్దరి వ్యాపారంలో జత అనే మాటే లేదు. లోపల అట్ట మీద వేసిన నంబర్లు చూద్దామంటే చెమటకు చెరిగిపోయి నీలం మరకలు మిగిలాయి.

మళ్ళీ మేడమ్‌కు చేశాను. ఆవిడ ఒకటే చెప్పింది. "తొడుక్కున్న వాళ్ళను పిలిచి వాళ్ళవి వాళ్ళనే ఏరుకోమనండి. సోళ్ళు మాత్రం కిందికి తిప్పి పెట్టండి. బాగా అరిగినదాని పక్కన బాగా అరిగింది పెట్టి జత అన్నారో, మళ్ళీ మొదటికే వస్తారు."

గోడౌను వాళ్ళను మధ్యాహ్నం అన్నం వేళ షెడ్డుకి పిలిచాను. రెండు గోనెలూ గుమ్మరించి, ఎడమవన్నీ ఒక బారునా కుడివన్నీ ఒక బారునా పెట్టాం. అన్నీ నలుపు, అన్నీ ఒకటే కుట్టు. ముప్పై ఆరు బూట్ల వాసన రేకుల కింద గడ్డకట్టినట్టు నిలబడింది.

పెద్ద కాపలాదారు మొదట వచ్చాడు. కాలి బొటనవేలి పక్కన అతనికి బుడిపె ఉంది, తోలు అక్కడ ఉబ్బింది. రెండూ నిమిషంలో ఏరేశాడు. ఇంకొకతను లేసులు తెగితే మూటల పురికొస కట్టుకున్నాడు, అతనివీ దొరికాయి. ఒకరి భార్య మడమ దగ్గర ఎర్రదారంతో కుట్టింది. ఒకతను ఏమీ చూడకుండా వాసన పట్టి ఇదే నాది అన్నాడు.

"అది నాది" అన్నాడు పక్కతను.

"నీదైతే నువ్వు వాసన చూడు."

"నేనెందుకు చూస్తా, నాకేమన్నా పిచ్చా?"

ఇద్దరి సైజూ ఒకటే, మా సోలు పడింది కూడా ఇద్దరికీ ఒకే కాలికి, ఒకే చోట కూర్చుని కాపలా కాస్తారు, ఇద్దరి బూట్లూ ఇద్దరికీ పట్టాయి. అరగంట పోట్లాడుకున్నారు. "తొడుక్కున్నప్పుడు చూసుకున్నామా అన్నా, కిందికి చూస్తే మూట పైనుంచి పడుతుంది" అని మూడోవాడు సర్దిచెప్పబోతే ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు. చివరికి అడిగితే ఇద్దరూ ఒట్టేసి చెప్పలేమన్నారు. ఇంకో ఇద్దరు అప్పటికే వేరే పనికి వెళ్ళిపోయారు, ఫోను చేస్తే ఎత్తలేదు. వాళ్ళిద్దరివీ కూడా ఒకటే సైజు, మా సోలు పడింది ఒకే కాలికి. ఎడమవి రెండు, కుడివి రెండు, ఏది దేనిదో చెప్పే గుర్తు ఒక్కటి లేదు.

అలా నాలుగు జతలు పోయాయి. పద్నాలుగు మిగిలాయి. ఈసారి నేనే కొలిచి నేనే కొట్టాను, ఒక్కో మనిషి ముందు నిలబడి. రబ్బరును గడి ముట్టుకోనివ్వలేదు. అతను గోడకి ఆనుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. నెలాఖరుకు ఇంకో మూడు పొద్దులున్నాయి.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పదమూడు. మా తేడాకు వచ్చిన అంకె రెండు పాయింట్ ఒకటి మూడు. పక్క గడిలో దాటాల్సిన గీత రెండు పాయింట్ ఒకటి ఆరు. చివరి గడి ఎరుపు.

వెంట్రుకవాసి తక్కువ. మేనకోడలికి ఫోను చేశాను. మనుషులు తగ్గేకొద్దీ ఆ గీత పైకి జరుగుతుందట. అదే పదిహేడుకి అయితే గీత ఎక్కడుండేది అని అడిగితే, రెండు పాయింట్ ఒకటి ఒకటి అంది. నా చేతిలో ఉన్నది ఒకటి మూడు. అంటే నేను పట్టుకున్న సరుకు ఒక అంగట్లో చెల్లుతుంది, పక్క అంగట్లో చెల్లదు. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు.

రబ్బరు ఫోను మాటలు విన్నాడు. "బావా, ఆ గడిలో పదిహేడు కొట్టు."

"అక్కడ సూత్రం ఉంది."

"సూత్రం తీసేసి కొట్టు. అబద్ధమేం కాదు కదా. పద్దెనిమిది మంది నడిచారా లేదా? నీ కళ్ళతో చూశావా లేదా? నా తప్పు వల్ల నాలుగు జతలు కలిశాయి గానీ, నడిచిన కాళ్ళు ఎక్కడికి పోతాయి?"

కొట్టాను. కొట్టి చూద్దామని కొట్టాను. గడి పచ్చబడింది. ఆ పచ్చ వెలుగు అతని ముఖం మీద పడినట్టే అనిపించింది. బయట ఎవరో షట్టరు దించుతున్న చప్పుడు.

లెక్క వేసుకున్నాను. ఆవిడ ఒక చూపులో మెట్లు పట్టుకున్న మనిషి. పద్నాలుగు వరసల కింద పదిహేడు ఉంటే రెండో చూపు కూడా అక్కర్లేదు. పట్టుకోలేదనే అనుకుందాం. మేం నాలుగు జతలు చూడలేదు. అవి మాకు ఎదురు చెప్పి ఉండేవో, మావైపు ఉండేవో తెలియదు. తెలియని సరుకును తూకంలో వేసి అమ్మితే, ఏడాది తర్వాత ఆ కంపెనీ పనివాళ్ళ కాళ్ళ కింద అదే తేలుతుంది. అప్పుడు వెనక్కి వచ్చేది సోళ్ళు మాత్రమే కాదు.

"నా సోలు మంచిదని నాకు తెలుసు బావా" అన్నాడు, నా మనసు చదివినట్టు.

"నాకూ తెలుసురా. మనకి తెలిస్తే చాలదనే కదా ఈ గొడవంతా."

"రేపు నువ్వు వెళ్ళి నిలబడవు కదా ఆ సూపర్‌వైజరు ముందు."

పదిహేడు చెరిపి సూత్రం మళ్ళీ పెట్టాను. గడి ఎర్రబడింది. అతను షెడ్డులోకి వెళ్ళి మిషను స్విచ్చు వేశాడు, కలపడానికి ఏమీ లేకపోయినా. అది ఖాళీగా తిరుగుతూ ఉంటే నేను ఫైలు పంపేశాను. ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ నాతో గానీ అతనితో గానీ మాట్లాడలేదు. ఎవరి పక్షాన ఉండాలో తేల్చుకోలేక ఇద్దరి మీదా కోపం తెచ్చుకుంది.

మర్నాడు గాజు గదిలో మేడమ్ నా ముందే ఫైలు తెరిచింది.

"తేలలేదండి."

"బాగోలేదని చెప్పండి మేడమ్, వినడానికి సిద్ధపడే వచ్చాను."

"బాగోలేదని నేననలేదు. తేలలేదన్నాను. రెండూ వేరు. బాగోకపోతే ఇక్కడితో అయిపోయేది. పదమూడుతో ఇంత దగ్గరకు వచ్చిందంటే ఇంకాస్త ఎక్కువమందితో చూడాలి. మా పనివాళ్ళు నలభై మందికి తొడిగిస్తాను. ఈసారి కొలవడం మావాళ్ళే చేస్తారు. మీరు సోళ్ళు ఇవ్వండి చాలు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మళ్ళీ ఒక సీజను."

"నాకు ఈ నెలాఖరులోపు కావాలి మేడమ్."

"నడిచేవాళ్ళని పరుగెత్తించమంటారా?" అంది. నవ్వకుండానే అంది.

తిరిగి వచ్చి రబ్బరుకి చెప్పాను. విన్నాడు. నలభై అనగానే వేళ్ళు ముడుచుకుని, "తరుగు పోతే ముప్పై తొమ్మిది" అన్నాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. వస్తున్నానని చెప్పాడు. నా ముందే, నా షాపు ఫోను నుంచే చేశాడు, అది నాకు వినిపించాలనే చేశాడేమో తెలియదు. మిగిలిన రెండు రోజులూ షెడ్డు దాటి రాలేదు. నలభై సోళ్ళు అచ్చు కొట్టాడు. ఒక్కోదాని లోపలి వైపు కాల్చిన మేకుతో నంబరు వేశాడు, చెమటకు పోకుండా. కంపెనీ సోళ్ళు నలభై తెప్పించి వాటికీ అవే నంబర్లు వేశాడు. రెండేసి కలిపి పురికొసతో కట్టాడు. జన్మలో మొదటిసారి అతని షెడ్డు నుంచి సరుకు జతలుగా బయటికి వచ్చింది.

ఒకటో తారీఖున పొద్దున్నే వెళ్ళిపోయాడు. సూపర్‌వైజరు ఇంకా అక్కడే ఉన్నాడట. సెలవు రోజుల్లో వచ్చి మిషను తుడిచి, గోనె కప్పి వెళ్తున్నాడు. నాతో రెండు మాటలు తక్కువే మాట్లాడుతున్నాడు. షెడ్డు అద్దె నేను కడుతూనే ఉన్నాను, ఖాళీ చేద్దామని అతనూ అనలేదు, నేనూ అనలేదు.

ఇంత తిరుగుడుకీ నికరంగా మిగిలింది చెప్పాలంటే: ఆర్డరు రాలేదు. బావమరిది చేయి దాటిపోయాడు. బాగోలేదనే మాట మాత్రం మా సోలు మీద పడలేదు. నలభై మంది ఎక్కడో నడుస్తున్నారు, ఒక కాలి కింద వాళ్ళది, ఒక కాలి కింద మాది. లాభం వైపు రాసుకోవడానికి నాకున్నది ఆ నడకే.